ముందు బండిని దాటిన రోజు

మొన్న అనంతపురంలో మందుల షాపు ముందు నిలబడి ఉన్నాను. నా బీపీ మాత్రల కోసం. పక్కనే ఒకాయన బండి దిగకుండా, హెల్మెట్ కూడా తీయకుండా, "అన్నా, గ్యాస్ మాత్రలు ఒక షీటియ్యి" అని కేకేశాడు. షాపాయన ఏ మాత్ర అని అడగలేదు. ఎవరికని అడగలేదు. డాక్టరు చీటీ ఏదని అసలే అడగలేదు. అరటిపండు తుంచి ఇచ్చినట్టు ఇచ్చేశాడు. హెల్మెటాయన అక్కడే ఒకటి చించి నోట్లో వేసుకుని, గుక్కెడు నీళ్లయినా తాగకుండా మింగేశాడు.

నేను ఊరుకుంటానా? "ఏమప్పా, పొద్దున ఏమన్నా తిన్న్యావా?" అన్నాను.

"తినేకి టైం యాడుండాది పెద్దాయనా?" అని బండి ఎత్తుకుని పోయాడు.

ఆ మాట వినేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చెప్పాల్సింది బోలెడుంది, వినాల్సినవాడు సిగ్నలు దాటి పోయాడు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. టైం లేనివాళ్లంతా చదవండి. చదివే టైం కూడా లేదంటే ఇంకెవరి చేతనైనా చదివించుకుని వినండి.

నేను డాక్టర్ని కాను. బడి గడప ఎక్కింది కొన్నాళ్లే. లారీల వెనక రాతలు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాను, బజ్జీలు చుట్టిన పేపర్లు విప్పి చదవడం నేర్చుకున్నాను. పామిడి నుంచి అనంతపురానికి ప్రైవేటు బస్సు నడుపుతూనే తల నెరిసింది. ఇది మా కండక్టరు కథ. నాది స్టీరింగు పట్టుకోవడం వరకే.

ముందు మా లైను సంగతి చెప్పాలి. ప్రైవేటు లైనులో టైమే దేవుడు. స్టాండులో ఒక బండి కదిలిన పది నిమిషాలకు ఇంకో బండి కదలాలి. ముందు బండి దారిలో నిలబడిన జనాన్నంతా ఏరుకుంటూ పోతుంది. ఆ తర్వాత రోడ్డు మీదికి వచ్చినవాళ్లే వెనక బండికి గతి. ఒక్క నిమిషం ఆలస్యంగా కదిలితే వెనకవాడు వచ్చి చొక్కా పట్టుకుంటాడు. ఇక ముందు బండిని దాటిపోవడమా! అది ఎదుటివాడి కంచంలో చెయ్యి పెట్టి ముద్ద ఎత్తుకోవడమే. మా లైనులో అంతకు మించిన పాపం లేదు. తాగి వచ్చినవాణ్ణి క్షమించారు గానీ దాటినవాణ్ణి ఎవరూ క్షమించలేదు.

ఈ టైము పిచ్చికి బలైంది డ్రైవర్లు, కండక్టర్ల కడుపులు. అనంతపురంలో దిగినవాళ్లు దిగుతుండగానే మా కండక్టరు "పామిడి, పామిడి" అని గొంతు చించుకోవాలి. పామిడిలో దిగితే "అనంతపురం, అనంతపురం". మధ్యలో ఒక టీ, రెండు మిరపకాయ బజ్జీలు. ఇంటి నుంచి ఆయన భార్య కట్టి ఇచ్చిన సద్ది డబ్బా నా సీటు వెనక, ఇంజను వేడికి ఇంకోసారి ఉడుకుతూ ఉండేది.

మా కండక్టరు సన్నగా, చింతబరికె మాదిరి ఉండేవాడు. నోరు మాత్రం బస్సంత. రోజంతా నిలబడి నిలబడి కాళ్లు పీకుతాయని పొద్దున ఒక నొప్పుల మాత్ర, సాయంత్రం ఒకటి. వాటితో కడుపు మండుతుంది కాబట్టి దాన్ని చల్లార్చడానికి గ్యాస్ మాత్ర. అది కూడా వేళకు కాదు. మంట గొంతు దాకా ఎగదన్నినప్పుడు బజ్జీ మీద బజ్జీ మాదిరి వేసుకునేవాడు. రెండు రకాల షీట్లూ టికెట్ల సంచిలోనే ఉండేవి. వేసుకోవడమే కాదు, దానం కూడా! ఎవరైనా పొట్ట పట్టుకుంటే చాలు, "గ్యాసా అన్నా? ఇదో, ఏసుకో" అని ఒకటి చించి చేతిలో పెట్టేవాడు. రూపాయి చిల్లర అడిగిన ఒక అవ్వకు మాత్ర ఇచ్చి, "దుడ్లు యాడికి పోతాయవ్వా, ఇది ఏసుకుంటే ఆకలైతాది" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ముందు బండి కండక్టరుకూ మావాడికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఆయన గుమ్మటంలాంటి మనిషి, మీసాలు చెవుల దాకా. ఒకసారి స్టాండులోనే ఇద్దరూ గుండీలు తెంపుకున్నారు. ఆనాటి నుంచి మాటల్లేవు. తిట్లు మాత్రం ఉండేవి.

ఎండాకాలం. ఆ రోజు పొద్దున మావాడు స్టాండుకు వచ్చినప్పుడు ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. టీ అంగడి ముందు బెంచీ మీద కూలబడ్డాడు.

"కండ్లు తిరుగుతాండాయన్నా" అన్నాడు.

"ఇంటికి పోరా."

"నేను పోతే టికెట్లు నువ్వు కొడతావా?" అని నవ్వి, గొంతు తగ్గించాడు. "ఏమో అన్నా, రెండ్రోజుల్నుంచి దొడ్డికి పోతే తారు పోసినట్ల నల్లగా పడతాండాది."

గొంతు తగ్గించినా టీ అంగడాయన చెవిన పడనే పడింది. "సంగటి ఎంత మింగినావప్పా? రాగులు తింటే నల్లగా గాక తెల్లగా పడతాదా?" అన్నాడు. బెంచీ మీద ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. మా సీమలో అంతే. నలుపు కనబడితే సంగటి మీద తోసేస్తాం, అంతటితో విచారణ అయిపోతుంది. మావాడు కూడా నవ్వి, టీతో పాటు రెండు రకాల మాత్రలూ మింగి లేచాడు.

బస్సు నిండింది. పామిడిలో కుట్టిన నైటీల మూటలతో ఒక సాయిబు ఎక్కాడు, నడుం వంగిన ఒక అవ్వ ఎక్కింది, కోర్టు వాయిదాకు పోయే ఒక పంచెకట్టు రైతు ఎక్కాడు. మా ముందు బండి టైముకు పోయింది, మేమూ టైముకే కదిలాం. పెన్నలో ఇసుక తప్ప ఏమీ లేదు. బ్రిడ్జి మీద వేడిగాలి ముఖానికి కొట్టింది.

గార్లదిన్నె దాటాం. మావాడు వెనక నుంచి టికెట్లు కొట్టుకుంటూ ముందుకు వస్తున్నాడు. అద్దంలో చూస్తూనే ఉన్నాను. కమ్మీ పట్టుకుని ఆగాడు, ఒక అడుగు వేశాడు, మళ్లీ ఆగాడు. "అన్నా, బండి ఆపు" అన్నాడు. ఆ గొంతు ఆయనది కాదు. నేను బ్రేకు తొక్కేలోపే ఇంజను పక్కన మోకాళ్ల మీద పడి వాంతి చేసుకున్నాడు. మొదట కాఫీ మడ్డిలా నల్లగా. ఆ వెనకే నెత్తురు. ఎర్రగా, చిక్కగా, దోసిలికి పట్టనంత!

"ఓ నాయనో! నెత్తురు కక్కుతాండాడే!" అని అవ్వ అరిచింది.

సాయిబు మూట విప్పి, కొత్త నైటీలు గుప్పెడు లాగి మావాడి మూతి కింద పెట్టాడు. ఎవరో నీళ్లు ఇవ్వబోతే "పక్కకు తిప్పి పండబెట్టండి! నోట్లో నీళ్లు పోయొద్దండి!" అని అరిచాను. ప్రమాదాలు చూసిన రోడ్డు నేర్పిన బుద్ధి అది. ఒకరు అంబులెన్సుకు ఫోన్ చేశారు. అది మా దగ్గరికి రావాలి, మళ్లీ తిరిగి పోవాలి. చేతిలో ఇంత బండి పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చోవడమా?

"వింటాండారా?" అని వెనక్కి తిరిగి కేకేశాను. "ఇంగ ఈ బండి యాడా నిలబడదు. నేరుగా పెద్దాసుపత్రికే. దిగేవాళ్లుంటే ఇప్పుడే దిగండి."

ఒక్కరూ కదల్లేదు. పంచెకట్టు రైతు మాత్రం లేచి నిలబడ్డాడు. ఈయన దిగుతాడేమో అనుకున్నాను. "నా వాయిదా మల్లా ఏస్తారు. ఈ మనిషికి మల్లా వాయిదా ఉంటాదా? తోలప్పా!" అన్నాడు.

తోలాను. అట్లా నా జన్మలో మళ్లీ తోల్లేదు. ఆపమని చెయ్యెత్తిన జనం బిత్తరపోయి చూస్తున్నారు. ఆ బండి స్పీడోమీటరు ఎప్పుడో చచ్చిపోయింది కాబట్టి ఎంత వేగమో నాకే తెలియదు. కిటికీలు గడగడలాడుతున్నాయి. అవ్వ మావాడి తల ఒళ్లో పెట్టుకుని "కండ్లు మూయొద్దురా, రేయ్, నా రూపాయి ఇయ్యాల్సిందుండాది నువ్వు" అని తిడుతోంది. మాత్ర అందుకున్న అవ్వ ఆమే!

అంతలో ఎదురుగా కనబడింది ముందు బండి. జనం కోసం రోడ్డు మధ్యలో ఈడ్చుకుంటూ పోతోంది.

హారను కొట్టాను. లైట్లు కొట్టాను. ఆ డ్రైవరు అద్దంలో నన్ను చూశాడు. నేను ఎడమకు పోతే ఎడమకు తిప్పాడు, కుడికి పోతే కుడికి తిప్పాడు. పది నిమిషాలు వెనక ఉండాల్సినవాడు వీపు మీదికి వచ్చి హారను కొడుతుంటే ఆయన ఏమనుకోవాలి? తన కంచంలో చెయ్యి పెట్టడానికే వచ్చాడనుకున్నాడు. ఫోన్ చేద్దామంటే మాటల్లేని వాళ్ల నంబరు మా దగ్గర ఎందుకుంటుంది?

ఆ బండి వెనక డోరు దగ్గర మీసాల కండక్టరు వేలాడుతూ "దాటితే సంపుతా నాకొడకా!" అని పిడికిలి ఊపుతున్నాడు.

మా వాళ్లు ఊరుకున్నారా? ఎడమ పక్క కిటికీల్లో నుంచి తలలు బయటపెట్టి ఒకటే అరుపులు. "సైడియ్యండ్రా! మనిషి పోతాండాడు!" సాయిబు నెత్తుటితో తడిసిన నైటీని బయటికి చాచి ఊపాడు. ఆ గాలిలో, ఆ హారన్ల మధ్య మాట ఒక్కటీ వాళ్లకు చేరలేదు. వాళ్లకు కనిపించిందల్లా మా బస్సు నిండా జనం కేకలు పెడుతూ ఎర్ర జెండా ఊపి వెక్కిరించడమే! ఆ డ్రైవరు ఇంకా అడ్డం తిరిగాడు.

పక్కన సర్వీసు రోడ్డు కనబడింది. ఆలోచించలేదు. బండిని అందులోకి దించాను. ఒక గొర్రెల మంద, ఒక ఇసుక ట్రాక్టరు, ఒక బజ్జీల బండి. ఎట్లా తప్పించానో ఇప్పుడు అడిగితే చెప్పలేను. మళ్లీ పెద్ద రోడ్డు ఎక్కేసరికి ముందు బండి నా వెనక ఉంది. బస్సంతా ఈల వేసింది! మనిషి చావుబతుకుల్లో ఉంటే ఈల ఏమిటని మీరు అడగొచ్చు. ఆ క్షణంలో మీరుంటే మీరూ వేసేవాళ్లు.

ఇక ముందు బండి వెంటపడింది. వాళ్లూ జనాన్ని ఎక్కించుకోవడం మానేశారు. టౌను దాకా నా వెనకే. ఆటోల మధ్య నుంచి నేను ఆసుపత్రి సందులోకి తిప్పితే అదీ తిరిగింది. నేను గేటు లోపలికి పోతే అదీ వచ్చింది. నేను దిగేలోపే మీసాల కండక్టరు చొక్కా చేతులు పైకి మడుస్తూ నా డోరు దగ్గరికి వచ్చాడు.

"దిగు! లైనంటే నీ తాత సొత్తనుకుంటివా?"

నేను పక్కకు జరిగి డోరు తెరిచాను. లోపలి నుంచి సాయిబు, రైతు కలిసి మావాణ్ణి మోసుకొస్తున్నారు. తల వేలాడుతోంది, చొక్కా ముందు భాగమంతా నెత్తురు. మీసాలాయన చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

"ఎవుర్రా కొట్టింది?" అన్నాడు చివరికి.

"ఎవురూ కొట్టలేదు. కడుపులోదే."

ఆయన సాయిబును పక్కకు నెట్టి, మావాణ్ణి రెండు చేతుల మీద పిల్లవాణ్ణి ఎత్తినట్టు ఎత్తుకుని లోపలికి పరుగెత్తాడు. "డాక్టరమ్మా! డాక్టరమ్మా!" అన్న ఆ గొంతు వరండా అంతా మోగింది. జనాన్ని పిలిచే గొంతు కదా, ఎవరైనా పక్కకు తప్పుకోవాల్సిందే.

లోపల చాలా హడావుడి జరిగింది, సగం నాకు అర్థం కాలేదు. అర్థమైంది ఒకటే: ఒంట్లో నెత్తురు చాలా పోయింది, ఉన్న సీసాలు ఎక్కించారు, ఇంకా కావాలి. నా రక్తం చూస్తే కలవలేదు. మీసాలాయనది కలిసింది. అప్పుడు చూడాలి ఆయన్ని! స్టాండునంతా గడగడలాడించే మనిషి సూదిని చూసి గోడకు అతుక్కున్నాడు.

"అన్నా, నొస్తాదా?"

"నన్ను సంపుతా అన్నప్పుడు లేని భయం ఇప్పుడేందప్పా?"

"అది వేరే" అన్నాడు. కళ్లు గట్టిగా మూసుకుని నా చెయ్యి పట్టుకున్నాడు. వేళ్లు విరిగిపోతాయేమో అనుకున్నాను.

గొట్టం వేసి కడుపులోకి చూసి, కారుతున్న చోటు మూసేశారు. అవ్వ అప్పటిదాకా వరండాలోనే కూర్చుంది. బతికాడని చెప్పాకే చీర దులుపుకుని లేచి, "రూపాయి మల్లా బస్సెక్కినప్పుడు అడుగుతాలే" అని వెళ్లిపోయింది.

మరుసటి రోజు డాక్టరమ్మ మంచం దగ్గరికి వచ్చింది. చిన్న వయసు, నిదానమైన మాట. టికెట్ల సంచిలో దొరికిన షీట్లన్నీ నేను బల్ల మీద పరిచాను.

"ఇవి ఎవరు రాసిచ్చారు?" అని అడిగింది.

"ఒకసారి డాక్టరే రాసినాడు మేడం" అన్నాడు మావాడు, గొంతు పీలగా.

"ఒకసారి అంటే ఎప్పుడు?"

"మా పెద్దపాప పుట్టినప్పుడు."

"పాప ఇప్పుడు ఏం చేస్తోంది?"

"డిగ్రీ చదువుతాండాది మేడం."

ఆమె నవ్వు ఆపుకుంది. నవ్వలేదు గానీ నేను చూశాను. ఆ తర్వాత ఆమె చెప్పిన మాటలు నా తలలో మేకు కొట్టినట్టు ఉండిపోయాయి. గ్యాస్ మాత్ర మంచిదే, అది లేకపోతే కడుపులో పడ్డ ఈ పుండు మానదు కూడా. కానీ అది పొద్దున ఖాళీ కడుపున వేసుకుని, అరగంట తర్వాత ఏమైనా తినాలి. డాక్టరు చెప్పినన్నాళ్లు వేసుకుని, ఆపమన్నప్పుడు ఆపాల్సిన మాత్ర. "నువ్వేమో మండినప్పుడు మంట ఆర్పావు. రోజూ నొప్పుల మాత్రలతో పుండును గోకావు. మంట తగ్గితే పుండు మానిందనుకున్నావు. తారులా నల్లగా పడిందంటే అది లోపల కారిన నెత్తురు. ఆ రోజే రావాల్సింది."

"సంగటి అనుకున్న్యాం మేడం" అన్నాను నేను, అందరి తరఫునా.

అప్పటిదాకా మూల నిలబడి ఉన్న ఆయన భార్య ముందుకు వచ్చింది. "యాడి సంగటి అన్నా? ఆయప్ప రెండ్రోజుల్నుంచి సంగటి ముట్టనే లేదు. నేను కట్టిచ్చే డబ్బా సాయంత్రానికి అట్లనే తిరిగొస్తాది. ఇన్నేండ్లుగా నేను వండింది కుక్కలకు ఏస్తాండా. బస్సులో అందరికీ మాత్రలు పంచే మనిషికి ఇంటి ముద్ద మింగేకి టైం లేదు."

ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే మాకు సులువయ్యేది. మావాడు గోడ వైపు తిరిగిపోయాడు.

పుండులో కంటికి కనబడని ఏదో పురుగు ఉందని పరీక్షలో తేలిందట. దానికి వేరే మందులు, వాటితో పాటే ఈ మాత్ర, అన్నీ చీటీ ప్రకారం. నొప్పుల మాత్రలు డాక్టరమ్మ చేతులతోనే చెత్తబుట్టలో పడ్డాయి.

కోలుకుని మావాడు మళ్లీ డ్యూటీకి వచ్చిన పొద్దున స్టాండులో నేను ఇంజను స్టార్టు చేశాను. అలవాటు ప్రకారం ఆయన "అనంతపురం, అనంతపురం" అని మొదలుపెట్టాడు. ముందు బండి కదలాల్సిన టైము అప్పటికే దాటింది, అది కదల్లేదు. ఎందుకా అని చూస్తే మీసాలాయన దాన్ని దిగి మా బండి దగ్గరికి నడిచి వస్తున్నాడు. మళ్లీ గొడవేమో అనుకున్నాను.

వచ్చి మావాడి చేతిలో నుంచి టికెట్ల సంచి లాక్కున్నాడు.

"మాత్ర ఏసుకున్న్యావా?"

"ఏసుకున్న్యా."

"తిన్న్యావా?"

మావాడు నసిగాడు. "అనంతపురం పోయినాక తింటాలే. నీ టైం అయిపోయింది, నాది అయితాండాది."

"టైం సంగతి నేను అడిగినానా?" అని మీసాలాయన ఉరిమాడు. నా సీటు వెనక నుంచి సద్ది డబ్బా తీసి, మూత తెరిచి, టీ అంగడి బెంచీ మీద పెట్టాడు. "నీ ఒంట్లో తిరుగుతాండేది నా రక్తమప్పా. సూది పొడిపించుకుని ఇచ్చినా. దాన్ని పస్తు పెడితే ఈడనే తంతా. కూసో!"

మావాడు కూర్చున్నాడు. తల వంచుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మీసాలాయన చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. రెండు బస్సుల్లోనూ జనం కిటికీల్లో నుంచి తొంగి చూస్తున్నారు. బండ్లను టైముకు పంపే టైం కీపరు ఈల నోట్లో పెట్టుకుని, ఊదాలా వద్దా అని తేల్చుకోలేక అట్లాగే ఉండిపోయాడు.

ఆ పూట రెండు బండ్లూ లేటే.